కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ: మామోగ్రామ్‌లో తేలని గడ్డ.. ఈ టెస్ట్‌తో తేలిపోతుందా? బయాప్సీ తప్పుతుందా?

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. భయపడుతూనే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించుకున్నారు. తీరా చూస్తే రిపోర్టులో స్పష్టంగా ఏమీ తేల్చలేదు. ఇంకో పరీక్ష చేయించమన్నారు. అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. క్యాన్సరా.. కాదా? ఇలాంటప్పుడు కొందరికి డాక్టర్లు కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ రాస్తారు. 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు నమోదయ్యాయని గ్లోబోకాన్ అంచనా. అందుకే ఈ అనుమానాన్ని అలా వదిలేయకూడదు.

మామోగ్రామ్‌లో ఎందుకు తేలదు?

మామోగ్రామ్ అంటే ఎక్స్‌రేనే. అందులో కొవ్వు నల్లగా, పాల గ్రంథుల భాగం తెల్లగా కనిపిస్తాయి. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. డెన్స్ బ్రెస్ట్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా చిన్న వయసు మహిళల్లో, తెలుపులో తెలుపు కలిసిపోతుంది. పాత ఆపరేషన్ మచ్చ ఉన్నచోటా ఇదే ఇబ్బంది. రిపోర్టులో 'బైరాడ్స్ 0' అని ఉంటే పరీక్ష ఇంకా పూర్తికాలేదని అర్థం. క్యాన్సర్ ఉందని కాదు.

కాంట్రాస్ట్ ఏం చేస్తుంది?

క్యాన్సర్ గడ్డ పెరగాలంటే రక్తం కావాలి. అందుకే అది తన చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది. చేతి నరానికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తే, అలాంటి చోటికి త్వరగా చేరి స్కాన్‌లో మెరుస్తుంది. మందు ఇవ్వకముందు, ఇచ్చాక వరుసగా చిత్రాలు తీస్తారు. మెరుపు వేగంగా వచ్చి వేగంగా తగ్గితే అనుమానం ఎక్కువ. నిదానంగా పెరుగుతూ పోతే చాలాసార్లు అది మామూలు గడ్డే. దీంతోపాటు గడ్డ ఆకారం, అంచులు కూడా చూస్తారు.

మరి బయాప్సీ అక్కర్లేదా?

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. క్యాన్సర్ కాని కొన్ని గడ్డలు కూడా ఎంఆర్‌ఐలో మెరుస్తాయి. మామోగ్రామ్‌లో కనిపించే సన్నని కాల్షియం చుక్కలేమో ఇందులో సరిగా కనిపించవు. కాబట్టి మామోగ్రామ్‌లో గట్టి అనుమానం ఉంటే, ఎంఆర్‌ఐ నార్మల్ వచ్చినా బయాప్సీ మానకూడదు. ఫైనల్‌గా తేల్చేది సూదితో తీసిన ముక్క పరీక్షే.

టెస్ట్‌కి వెళ్లే ముందు..

* బోర్లా పడుకోబెట్టి స్కాన్ చేస్తారు. సుమారు 30 నుంచి 45 నిమిషాలు కదలకుండా ఉండాలి. శబ్దం ఎక్కువే కానీ రేడియేషన్ ఉండదు.
* అర్జెంట్ కాకపోతే, పీరియడ్స్ మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య చేయించుకుంటే చిత్రాలు స్పష్టంగా వస్తాయి.
* కిడ్నీ జబ్బు, పేస్‌మేకర్, ఒంట్లో మెటల్ ఇంప్లాంట్, అలర్జీ, గర్భం.. వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి.
* పాత మామోగ్రామ్ ఫిల్ములు, రిపోర్టులు తప్పకుండా తీసుకెళ్లండి. వాటితో పోల్చి చూస్తేనే సరైన అంచనాకు రాగలరు.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఏ పరీక్ష అవసరమో మీ డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి.)