ఘంటసాల గొంతు

గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అర్ధశతాబ్దం దాటినా ఆయన మీద అభిమానం తరాలు మారుతూ కొనసాగుతోంది. 1922లో పుట్టిన ఆయన విజయనగరంలో మధుకరం ఎత్తుకుని, ఇంటింటి అన్నం తింటూ సంగీతం నేర్చారు.

పాటల సంగతి సరే, అసలు గొప్పతనం పద్యంలో ఉంది. రంగస్థలం మీద సాగదీసే రాగాలాపనలో మాట మునిగిపోయేది. ఘంటసాల రాగాన్ని కుదించి, ప్రతి పదాన్నీ విడమరిచి పలికారు. అందుకే చదువురాని శ్రోతకూ ‘పుష్పవిలాపం’ పద్యాలు అర్థమయ్యాయి.

తెలుగునాట అంతటా గుడి మైకుల్లో ఆయన పాడిన భగవద్గీత వినిపిస్తుంది. అంతిమయాత్రల్లోనూ అదే పెడతారు. దాంతో గీత వినగానే ‘ఎవరు పోయారు?’ అని అడగడం అలవాటైంది. ఇది మాత్రం ఆ గొంతుకు జరిగిన అన్యాయమే.