భుజం పట్టేసిందా? తైలానికి గల హద్దు తెలుసుకోండి

నలభై దాటినవారికి ఒక భుజంలో సన్నగా మొదలయ్యే నొప్పి తొలి రోజులలో లెక్కలోకి రాదు. బరువు ఎత్తినందువల్లనో, పక్క సరిగా కుదరనందువల్లనో వచ్చిందని సరిపెట్టుకుంటారు. కొన్నాళ్లకు తల దువ్వుకోవడం, వీపు వెనుకకు చేయి పోనివ్వడం, అటక మీది డబ్బా అందుకోవడం కష్టమవుతాయి. అప్పటికీ నూనె రాసుకుంటూ కాలం గడిపేవారు మన ఇళ్లలో అధికం. తైలం మంచిదే. అయితే తైలం ఎంతవరకు, ఫిజియోథెరపీ అనే వ్యాయామ చికిత్స ఎప్పటినుండి అన్న విచక్షణ ప్రతి గృహస్థుకూ అవసరం.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

ఈ వ్యాధిని సుశ్రుత సంహిత నిదానస్థానంలో అవబాహుకము అన్నారు. భుజంలో చేరిన వాతం అక్కడి బంధనాలను శుష్కింపజేసి, సిరలను ముడుచుకుపోయేలా చేస్తుందని అందులోని భావం. అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో దీనికి ‘ఫ్రోజెన్ షోల్డర్’ అని పేరు పెట్టారు. కీలును చుట్టి ఉండే సంచి వంటి పొర మందమై, కుంచించుకుపోవడమే ఇందులోని వికృతి అని ఆధునికుల నిర్ణయం.

శుష్కించడం, ముడుచుకుపోవడం అనే రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకోవాలి. శుష్కించినదానికి స్నేహం, అనగా తైలం, హితం. ముడుచుకున్నది సాగాలంటే కదలిక కావాలి. నేను గురుకులంలో శుశ్రూష చేసిన కాలంలో మా గురువుగారు తైలం పట్టించి, కాపడం పెట్టిన తరువాత రోగి చేతిని తన చేతిలోకి తీసుకుని మెల్లగా నలువైపులా కదిలించనిదే ఇంటికి పంపేవారు కారు. ఆ పనినే నేడు ఫిజియోథెరపిస్టు పద్ధతి ప్రకారం, కొలతలతో చేస్తున్నాడు. కనుక అది మన వైద్యానికి పరాయిది కాదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

40 నుండి 60 సంవత్సరాల మధ్య వయస్కులకు, అందునా స్త్రీలకు ఎక్కువగా వస్తుంది. మధుమేహం, థైరాయిడ్ వ్యాధి ఉన్నవారికి, దెబ్బ తగిలి చాలాకాలం చేయి కదపకుండా ఉంచినవారికి అవకాశం మరింత అధికం. మొదట నొప్పి, తరువాత బిగింపు, ఆపైన మెల్లగా సడలింపు – ఇలా మూడు దశలలో ఒకటి నుండి మూడేళ్ల వరకు సాగుతుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష

రెండు మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ముంజేతులను ముందుకు చాపండి. మోచేతులు కదలకుండా అరచేతులను బయటి వైపుకు తిప్పండి. ఒక చేయి రెండవదానికన్నా బాగా తక్కువ తిరిగితే కీలు బిగుస్తున్నదని అనుమానించాలి. తరువాత ఇంట్లోవారి చేత ఆ చేతిని నెమ్మదిగా ఎత్తించుకోండి. ఎదుటివారు ఎత్తినా లేవకపోతే బిగింపు కీలులోనే ఉన్నది. మీరు ఎత్తలేక, ఎదుటివారు ఎత్తితే సులువుగా లేస్తే స్నాయువు తెగి ఉండవచ్చు. ఎముకల వైద్యునికి చూపించాలి.

గృహచికిత్స – రెండు వారాలు

మహానారాయణ తైలం గానీ, నువ్వుల నూనె గానీ గోరువెచ్చగా చేసి పది నిమిషాలు మృదువుగా మర్దించాలి. వావిలాకు మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టాలి. మధుమేహ రోగులకు స్పర్శ మందగించి కాలిన సంగతి తెలియకపోవచ్చు; వేడిని ఇతరుల చేతితో చూపించుకోవాలి. పిమ్మట బల్లకు ఒక చేయి ఆనించి ముందుకు వంగి, నొప్పి ఉన్న చేతిని లోలకం వలె వేలాడవేసి చిన్న సున్నాలుగా పదేసి సార్లు ఇరువైపులా తిప్పాలి.

ఫిజియోథెరపీకి ఎప్పుడు వెళ్లాలి?

1. రెండు వారాలకూ నొప్పి తగ్గనప్పుడు.
2. ఆ పక్కకు తిరిగి పడుకోలేక నిద్ర చెడుతున్నప్పుడు.
3. నొప్పి తగ్గినా చేయి లేచే ఎత్తు వారం వారం తగ్గుతున్నప్పుడు.
4. మధుమేహం ఉండి, పై పరీక్షలో తేడా కనిపించినప్పుడు. వీరు రెండు వారాలు కూడా ఆగరాదు.

మూడవ లక్షణమే మోసకారి. నా వద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు, ‘నొప్పి చాలావరకు పోయిందండీ, నల్లబల్ల పైభాగాన మాత్రం రాయలేకపోతున్నాను’ అన్నారు. అప్పటికి నాలుగు నెలలుగా ఇంట్లో తైలం వాడుతున్నారు. నొప్పి పోవడం నయమవడం కాదని, ఆమె బిగింపు దశలో ప్రవేశించారని వివరించాను. రక్తపరీక్షలో ఆమెకే తెలియని మధుమేహం బయటపడింది. దానికి చికిత్స ప్రారంభింపజేసి, ఫిజియోథెరపిస్టు వద్దకు పంపాను. తైలం, కాపడం మాన్పించలేదు. వ్యాయామానికి ముందు చేయమన్నాను. సుమారు ఆరు నెలలకు బల్ల పై అంచు అందుకోగలిగారు.

జాగ్రత్తలు

ఫిజియోథెరపీలో పట్టా పొందినవారి వద్దకే వెళ్లండి. అనేక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ఈ విభాగం ఉంటుంది. చేతిని ఒక్క గుంజుతో విరిచి సరిచేస్తామనేవారిని దరి చేరనీయకండి. ఎముక విరగవచ్చు, స్నాయువు తెగవచ్చు. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి దశలో బలవంతపు సాగదీత పనికిరాదు. వ్యాయామం తరువాత నొప్పి రెండు గంటలకు మించి నిలిస్తే మోతాదు ఎక్కువైనట్లే. ఆ సంగతి చికిత్సకునికి చెప్పండి.

తైలమూ, వ్యాయామమూ పనికిరాని సందర్భాలు

ఎడమ భుజపు నొప్పితో పాటు గుండెలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. చేయి ఒక్కసారిగా పడిపోయి, మూతి వంకరపోయి, మాట తడబడితే పక్షవాతం. ఈ రెంటికీ క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. పడిన తరువాత చేయి లేవకపోయినా, జ్వరంతో భుజం ఎర్రబడి వాచినా, చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం పెరుగుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రివేళ నొప్పి వేధిస్తున్నా ముందు వైద్యపరీక్ష జరగాలి.

ఈ రోజే రెండు చేతులూ పైకెత్తి అద్దంలో చూసుకోండి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారి చేత కూడా ఎత్తించి చూడండి. తేడా ఎంత తొందరగా కనిపెడితే చికిత్స అంత సులువవుతుంది.