సగటు వానను నమ్మి సొమ్మివ్వొచ్చా?

యూరప్, ఆఫ్రికా శాస్త్రవేత్తలు కలిసి వాతావరణ మార్పుపై పరిశోధన చేస్తామని యూరోపియన్ యూనియన్ వారి ‘హొరైజన్ యూరప్’ పరిశోధన నిధికి దరఖాస్తు పెడితే, బయటి నిపుణులు చదివి మార్కులేస్తారు. శాస్త్రీయ నాణ్యత, ఒనగూరే ప్రయోజనం, పని నడిపే తీరు: ఒక్కోదానికి 5. మామూలుగా ఒక్కోదాంట్లో కనీసం 3, మొత్తమ్మీద 15కు 10 రాకపోతే ఆ దరఖాస్తు పక్కకే. మొదటిదాంట్లో మార్కులు తెచ్చుకోవడం పెద్ద వర్సిటీలకు వెన్నతో పెట్టిన విద్య. చిక్కంతా రెండోదానితోనే. ఆ చిక్కేమిటో తెలియాలంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చూస్తే చాలు.

ఈ ఊళ్లున్న పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ అంకె చుట్టూ అల్లిన దరఖాస్తు కనబడితే నాకు మొదటి పేజీలోనే అనుమానం. జూన్, జూలైలో పదును కాగానే శనక్కాయ విత్తుతారు. పూత వచ్చి ఊడలు దిగే వేళకు మూడు వారాలు బెట్ట పెట్టిందంటే నేల గట్టిపడుతుంది. ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. సెప్టెంబరులో కుండపోత కురిసి లోటు పూడిపోవచ్చు. సర్కారు లెక్కలో అది మామూలు ఏడాదే, రైతింట్లో కరువు. సెనెగల్, నైజర్‌ల శనక్కాయ రైతులదీ ఇదే గోస. అందుకే రెండు వానల మధ్య ఎడమెంతో, అది పంట ఏ దశలో వచ్చిందో దరఖాస్తులో వెతకాలి. ఈ ప్రాంతంలోనే ఉన్న కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం బెట్టను ఓర్చే శనక్కాయ రకాల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. అంత అనుభవం ఇక్కడున్నా, విచిత్రమేమంటే, చాలా ఆఫ్రికా దేశాల సంస్థలకు నేరుగా అందే ఈ నిధి భారత సంస్థలకు మామూలుగా రాదు.

వాన తెచ్చే నష్టం పొలంతోనే ఆగదు. ధర్మవరంలో చేనేత పట్టుచీర నేసేది ఎక్కువగా గుంతమగ్గం మీద. ముసురు పడితే గుంతలో చెమ్మ ఊరుతుంది, నేత ఆగుతుంది. పంట దిగుబడి ఒక్కటే కొలిచే పరిశోధనలో ఆ కూలి నష్టం ఎక్కడా కనిపించదు.

పెనుకొండలో ఇంకో తిరకాసు. దగ్గరి గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా కాలువ కృష్ణా నీళ్లు తెస్తోంది. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరిగాయని రేపు ఏ ప్రాజెక్టయినా చంకలు గుద్దుకుంటే, ఆ ఘనత ప్రాజెక్టుదా, కాలువదా? కాలువ నీరు సోకని ఊళ్లను ముందే ఎంచుకుని, పని మొదలుకాకముందే వాటిలో ప్రాజెక్టు నడిచే చోటా, నడవని చోటా బోర్ల నీటిమట్టం కొలుస్తామని రాయాలి. రాయనివాళ్లకు రెండో అంశంలో 5కు 3 ఇవ్వడానికి నాకు చేతులు రావు.