42 డిగ్రీల గదిలో కంప్యూటర్‌కు ఏ ఫ్యాన్?

మే నెలలో జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు మధ్యాహ్నం 42, 43 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. రేకుల కప్పు కింద నడిచే జిరాక్స్ సెంటర్‌లో, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో గది లోపలి వేడి కూడా బయటి వేడికి పెద్దగా తీసిపోదు. కంప్యూటర్ ఫ్యాన్ల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం 20, 25 డిగ్రీల గదిని మనసులో పెట్టుకుని రాసినవే. వాటిని నమ్మి కొన్న ఫ్యాన్ ఇక్కడ పొద్దంతా హోరుమంటుంది, ప్రాసెసర్ మాత్రం అనుకున్నంత చల్లబడదు. అందుకే లెక్క మన గది నుంచే మొదలుపెట్టాలి.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది అంతే. గదిలో 42 డిగ్రీలుంటే కంప్యూటర్ డబ్బాలోకి వెళ్లే గాలి కూడా 42 డిగ్రీలే. 25 డిగ్రీల గదిలో పూర్తి పని మీద 70 డిగ్రీలకు చేరే ప్రాసెసర్, అదే ఫ్యాన్ అదే వేగంతో తిరుగుతున్నా, 42 డిగ్రీల గదిలో 87 దాకా పోతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి హద్దు 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దు తగలగానే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వీడియో ఎడిటింగ్ మధ్యాహ్నం నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక గాలి ఎంత కావాలన్నది చూద్దాం. ఫ్యాన్ తోలే గాలిని పెట్టెల మీద సీఎఫ్ఎంలో రాస్తారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని. ఒక సీఎఫ్ఎం గంటకు 1.7 ఘనమీటర్లకు సమానం. కంప్యూటర్ వాడే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. లోపలి గాలి గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువైనా పర్వాలేదో ముందు అనుకోవాలి. వాట్లను ఆ డిగ్రీలతో భాగించి ఒక గుణకంతో హెచ్చిస్తే కావలసిన సీఎఫ్ఎం వస్తుంది. సముద్రమట్టంలో 20 డిగ్రీల గాలికి ఆ గుణకం 1.76. 40 డిగ్రీల గాలి పలచబడుతుంది కాబట్టి 1.9 దగ్గరికి పోతుంది. మనది దక్కన్ పీఠభూమి, ఎత్తు వల్ల గాలి ఇంకొంచెం పలచన. నోటిలెక్కకు 2 అనుకుంటే సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటర్ 100 వాట్లు వాడుతుందనుకుందాం. లోపలి గాలి 10 డిగ్రీలు పెరగనిస్తే 100ని 10తో భాగించి రెండింతలు చేయాలి: 20 సీఎఫ్ఎం. పెళ్లి వీడియోలు చేసే మిషన్‌లో ఐ5-12400 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉన్నాయనుకోండి. ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, కార్డు 170 వాట్లు. మిగతా సామాను కలుపుకుని సుమారు 300 అనుకుందాం. దానికి 60 సీఎఫ్ఎం కావాలి.

పెట్టె మీద 56 సీఎఫ్ఎం అని చూసి ఒక్క ఫ్యాన్‌తో పనైపోయిందనుకుంటే మోసపోతాం. ఆ అంకె ముందు జాలీ, వెనక హీట్‌సింక్ ఏదీ లేకుండా ఖాళీ జాగాలో కొలిచింది. దాని పక్కన ఇంకో అంకె ఉంటుంది, ఎన్ని మిల్లీమీటర్ల నీటిమట్టం అని. అది ఫ్యాన్ ముందు దారి పూర్తిగా మూసేసినప్పుడు పుట్టే ఒత్తిడి. రెండూ ఒకేసారి రావు. అసలు పని ఆ రెంటి నడుమ ఎక్కడో జరుగుతుంది. దుమ్ము జాలీ, ఇరుకు కేబినెట్ ఉన్నచోట రాసిన గాలిలో సగమే లెక్కలోకి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. సోయా, పత్తి పండే ఊళ్లలో జాలీ లేకుండా నడపడం కుదరదు కాబట్టి, మనకు ఒత్తిడి అంకె 2 మిల్లీమీటర్లకు తగ్గని ఫ్యాన్లే నయం.

చప్పుడు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, ఒత్తిడి నాలుగో వంతవుతుంది, కరెంటు ఎనిమిదో వంతవుతుంది. చప్పుడు మాత్రం ఏకంగా 15 డెసిబుల్స్ పడిపోతుంది. వేగం 20 శాతం తగ్గించినా దాదాపు 5 డెసిబుల్స్ తగ్గుతుంది. 10 డెసిబుల్స్ తగ్గితే చెవికి మోత సగమైనట్టు వినిపిస్తుంది. మరోవైపు, ఒక ఫ్యాన్ పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే పెరిగేది 3 డెసిబుల్స్ మాత్రమే. మూడు పెడితే 4.8, నాలుగు పెడితే 6.

ఈ రెండు సూత్రాలను కలిపి చూస్తే కొనుగోలు తీరే మారిపోతుంది. 1500 ఆర్‌పీఎంతో తిరిగే ఒక ఫ్యాన్‌కు బదులు 750తో తిరిగే రెండు ఫ్యాన్లు పెట్టండి. దారి అడ్డం లేనంతవరకు గాలి అంతే వస్తుంది. చప్పుడులో 15 తగ్గి 3 పెరుగుతుంది, నికరంగా 12 డెసిబుల్స్ లాభం. తక్కువ వేగంలో ఒత్తిడి బాగా తగ్గుతుంది కాబట్టి మందమైన జాలీ వెనక ఈ లాభం పూర్తిగా దక్కదు, అయినా దిశ మారదు.

స్టూడియో మిషన్‌కు దీన్నే వేసి చూద్దాం. ఆర్కిటిక్ పి12 అనే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 1800 ఆర్‌పీఎం దగ్గర 56.3 సీఎఫ్ఎం తోలుతుందని కంపెనీ చెబుతుంది, ఒత్తిడి 2.2 మిల్లీమీటర్లు. మూడు ఫ్యాన్లు ముందువైపు పెట్టి 1300 దగ్గర నడిపితే ఒక్కోటీ 40 దాకా తోలాలి. జాలీకి సగం వదిలేస్తే ఒక్కోదానికి 20, మొత్తం 60 సీఎఫ్ఎం. కావలసింది అంతే. వేగం తగ్గడంతో ఒక్కో ఫ్యాన్ చప్పుడు 7 డెసిబుల్స్ తగ్గింది, మూడు కలవడం వల్ల దాదాపు 5 పెరిగింది. అంటే ఒకే ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తోలిన దానికంటే మూడు ఫ్యాన్ల జట్టు 2 డెసిబుల్స్ నెమ్మది, గాలి మాత్రం రెండింతలకు పైగా. వెనక బయటికి తోలే ఫ్యాన్ ఒకటి చాలు. లోపలికి ఎక్కువ, బయటికి తక్కువ తోలితే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, జాలీ లేని చోటునుంచి దుమ్ము లోపలికి రాదు.

పెట్టె మీది డెసిబుల్ అంకెలు పోల్చడం మాత్రం కష్టం. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో తెచ్చిన ఎన్‌ఎఫ్-ఏ12x25 ఫ్యాన్ మీద 2000 ఆర్‌పీఎం, 60 సీఎఫ్ఎం, 22.6 డీబీఏ అని ఉంటుంది. ఆర్కిటిక్ పి12 మీద డెసిబుల్సే ఉండవు, 0.3 సోన్ అని వేరే కొలత రాస్తారు. పైగా డెసిబుల్స్‌ను సాధారణంగా నిశ్శబ్ద గదిలో మీటరు దూరాన కొలుస్తారు. మన బల్ల మీద డబ్బా అరమీటరులో ఉంటుంది, దూరం సగమైతే 6 డెసిబుల్స్ పెరుగుతుంది. డబ్బాను బల్ల కిందికి దింపితే పైసా ఖర్చు లేకుండా ఆ 6 వెనక్కి వస్తాయి. పోలికకు ఇంకో అంకె: 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రిపూట హద్దు 45 డెసిబుల్స్. మంచి ఫ్యాన్లు అందుకు ఎంతో కింద ఉంటాయి.

ఎండాకాలం సీలింగ్ ఫ్యాన్, కూలర్ మోతలో కంప్యూటర్ చప్పుడు పెద్దగా తెలియదు. చెవికి ఎక్కువగా తగిలేది చలికాలం రాత్రుల్లో. అప్పుడు గది చల్లగా ఉంటుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా పని జరుగుతుంది. అలా తనంతట తాను తగ్గాలంటే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్ ఉండాలి. వేగాన్ని నియంత్రించే సంకేతం దానిలో సెకనుకు 25 వేల సార్లు పోతుంది, మన చెవి 20 వేలకు మించి వినలేదు కాబట్టి ఆ నియంత్రణ కూత మనకు చేరదు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఉంది. బయాస్‌లో కంపెనీ పెట్టి పంపే ఫ్యాన్ సెట్టింగ్ చల్లని గదికి తగ్గట్టు ఉంటుంది. ప్రాసెసర్ 45, 50 దాటగానే వేగం పెంచమని చెబుతుంది. జుక్కల్ మధ్యాహ్నం ఏ పనీ లేని ప్రాసెసరే 54 దగ్గర ఉంటుంది. ఇంకేం, పొద్దంతా ఫ్యాన్ ఊరికే అరుస్తుంది. ఆ సెట్టింగ్‌ను పది డిగ్రీలు పైకి జరపండి: 60 వరకు 40 శాతం వేగం, 75 దగ్గర 70 శాతం, 85 దాటితే పూర్తి వేగం. క్షణక్షణం పెరిగి తగ్గకుండా స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేసే సౌకర్యం కూడా చాలా బోర్డుల్లో ఉంటుంది. నిలకడైన మోత కంటే లేచి పడే మోతే ఎక్కువ విసిగిస్తుంది.

బేరింగ్ విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు. చౌక స్లీవ్ బేరింగ్‌లో నూనె వేడికి తొందరగా ఆరిపోతుంది, గరగర మొదలవుతుంది. ఫ్లూయిడ్ బేరింగ్ చప్పుడు తక్కువ, ఎక్కువ కాలం వస్తుంది. ఫ్యాన్ ఆయుష్షును కంపెనీలు సాధారణంగా 40 డిగ్రీల దగ్గర లెక్కగట్టి రాస్తాయి. మన డబ్బాలో మే నెలలో 50 ఉంటుంది, కాబట్టి రాసిన గంటలన్నీ నడుస్తుందని ఆశించకుండా వారంటీ ఆరేళ్లున్నవి చూడండి.

అక్టోబర్‌లో సోయా కోతలు, ఆ వెంటనే పత్తి ఏరివేత. ఆ రెండు మూడు నెలలు జాలీని పదిహేను రోజులకోసారి దులపాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, లేకుంటే ఫ్యాన్ హద్దు మీరి తిరిగి బేరింగ్ పాడవుతుంది. కూలర్ గాలిని మాత్రం నేరుగా డబ్బా మీదికి తిప్పకండి, తుంపర, ఉప్పు లోపలికి పోతాయి. గది మొత్తాన్ని అది ఐదు డిగ్రీలు చల్లబరిస్తే ప్రాసెసర్ కూడా ఐదు తగ్గుతుంది, అది చాలు.

జిరాక్స్, మీసేవ పనులకు ముందు రెండు, వెనక ఒకటి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పితే ఎక్కువే. స్టూడియోకు ముందు మూడు, వెనక ఒకటి. ఖరీదైన ఒక్క ఫ్యాన్ కొనే డబ్బుతో మధ్యరకం మూడు తీసుకోవడమే ఈ ఎండకు తగిన కొనుగోలు. ముందు పలక మూసేసిన గాజు కేబినెట్ జోలికి పోవద్దు. దెగ్లూర్‌లో కొన్నా, నిజామాబాద్‌లో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లినా, బయల్దేరే ముందు స్కేలు తీసి డబ్బా స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకోండి: 71.5 మిల్లీమీటర్లుంటే 80 ఫ్యాన్, 82.5 ఉంటే 92, 105 ఉంటే 120, 124.5 ఉంటే 140.