జోడు కోరని నృత్యం

పాశ్చాత్య దేశాలలో నృత్యం నేర్వగోరిన వ్యక్తికి మొదట ఎదురయ్యే చిక్కు కాలికి సంబంధించినది కాదు, చేతికి సంబంధించినది. ఎవరి చేయి పట్టుకొని రంగంలోకి దిగవలెనన్నదే ఆ చిక్కు. వాల్ట్జ్ అయినా, ఫాక్స్‌ట్రాట్ అయినా, టాంగో అయినా ఇద్దరు కలిస్తేగాని సాగదు. జోడు దొరికినవారు శాల నడిమికి వెళతారు. దొరకనివారు గోడవారన కుర్చీలలో కూర్చుండి, ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని ఎదురుచూస్తారు. అలా గోడను అంటిపెట్టుకొని ఉండిపోయేవారికి ఆంగ్లంలో 'గోడపువ్వు' అనే అర్థమిచ్చే పేరొకటి స్థిరపడిపోయింది. పేరు సుకుమారమైనదే గాని, ఆ పేరు మోయవలసినవారి మనస్సుకు తగిలే గాయం అంత సుకుమారమైనది కాదు.

ఈ చిక్కుకు అమెరికా ప్రజలు కనిపెట్టుకొన్న విరుగుడులలో లైన్ డాన్స్ ఒకటి. ఇందులో అందరూ వరుసలు వరుసలుగా నిలుస్తారు. అందరి ముఖాలూ ఒకే దిక్కుకు ఉంటవి. ఎవరి చేయీ ఎవరూ పట్టుకోరు. ఒకే పాటకు అందరూ ఒకేసారి ఒకే అడుగు వేస్తారు. అడుగుల క్రమం ముందే నిర్ణయమై ఉంటుంది. సాధారణంగా అది 32 లెక్కలో, 48 లెక్కలో, 64 లెక్కలో ఉంటుంది. లెక్క పూర్తి అయ్యేసరికి, అనేక నృత్యాలలో, అందరూ పావువంతు తిరిగి మరొక దిక్కుకు ముఖం పెట్టి ఉంటారు. అక్కడినుంచి మళ్లీ మొదటి అడుగు. నాలుగు ఆవృత్తులలో నాలుగు దిక్కులూ చుట్టి వస్తారు. ఈ దిక్కులను వారు గోడలంటారు. జోడు నృత్యంలో గోడ నిరాదరణకు గురైనవారి స్థానం. ఇక్కడ అది కేవలం తిరుగవలసిన దిక్కు.

తెలుగు పాఠకునికి ఈ వర్ణన చదవగానే కోలాటం స్ఫురించవచ్చును. పోలిక కొంతవరకే సాగుతుంది. కోలాటంలో ఒకరి కోల మరొకరి కోలకు తగులవలెను. ఒకరు లెక్క తప్పితే ఎదుటివారి కోల గాలిలోనే నిలిచిపోతుంది. అరకులోయలోని థింసాలో స్త్రీలు చేతులు పెనవేసుకొని వరుసగా సాగుతారు. ఒకరి అడుగు రెండవవారి అడుగును లాగుకొని పోతుంది. లైన్ డాన్స్‌లో ఈ రెండు బంధాలూ లేవు. తప్పిన మనిషి తప్పు ఆ మనిషితోనే ఆగిపోతుంది. పక్కవారిని ఢీకొననంతవరకు దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కొత్తవారికి ధైర్యమిచ్చే గుణం ఇదే.

లైన్ డాన్స్ అనగానే పొడుగాటి తోలుబూట్లు, వెడల్పు అంచుల టోపీలు, పశువులకాపరుల వేషం కళ్లముందు కదలుతవి. కాని దీని వేళ్లు టెక్సాస్ పచ్చికబయళ్లలోనే లేవు. 1950ల చివర ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో నల్లజాతివారి మధ్య పుట్టిన మాడిసన్ అనే నృత్యం 1960 నాటికి టెలివిజన్ ద్వారా దేశమంతటా పాకింది. దానికి కొంచెం ముందుగా, 1957, 1958 సంవత్సరాలలో, స్ట్రోల్ అనే వరుస నృత్యం అమెరికన్ బాండ్‌స్టాండ్ అనే టెలివిజన్ కార్యక్రమం మూలంగా ఇంటింటికీ తెలిసింది. 1970లలో డిస్కో సంగీతం ప్రబలినప్పుడు నగరాల నృత్యశాలలు వరుస నృత్యాలతో నిండిపోయినవి. 1977లో వచ్చిన సాటర్డే నైట్ ఫీవర్ చిత్రం ఆ వాతావరణాన్ని లోకమంతటికీ చూపించింది. 1980లో అర్బన్ కౌబాయ్ చిత్రం అదే ఉత్సాహాన్ని పల్లె బాణీ సంగీతంవైపు మళ్లించింది. ఆ తరువాత 1992లో బిల్లీ రే సైరస్ పాడిన ఏకీ బ్రేకీ హార్ట్ అనే పాటకు మెలనీ గ్రీన్‌వుడ్ అనే నృత్యశిక్షకురాలు అడుగులు కూర్చింది. పాటతోపాటు నృత్యమూ సముద్రాలు దాటింది. బ్రిటన్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ, సింగపూర్‌లోనూ సంఘాలు వెలసినవి. నేడు పల్లె పాటలే కాక పాప్, లాటిన్, ఐరిష్ బాణీలకు కూడ అడుగులు కూర్చుతున్నారు. టోపీ లేకుండా వచ్చినవారిని ఎవరూ వింతగా చూడరు.

ఈ విద్యకు గురుకులమంటూ ఏదైనా ఉంటే అది వారాంతపు శిక్షణశిబిరమే. శని, ఆదివారాలలో ఒక హోటలు శాలలోనో, సమాజభవనంలోనో, పాఠశాల వ్యాయామశాలలోనో అభిమానులు చేరుతారు. శిక్షకులు తరచు ఇతర నగరాలనుంచి, ఒక్కొక్కప్పుడు ఇతర దేశాలనుంచి వస్తారు. పగలంతా తరగతులు, రాత్రి అందరూ కలిసి ఆడే వేడుక. ఆరంభకులకు వేరుగా, ఆరితేరినవారికి వేరుగా పాఠాలుంటవి. వచ్చేవారిలో నడివయస్సు దాటిన స్త్రీలు విశేషంగా కనిపిస్తారు. భర్తకు నృత్యం మీద ఆసక్తి లేనివారూ, భర్తను పోగొట్టుకొన్నవారూ, ఒంటరిగా జీవించేవారూ ఇక్కడికి ఎవరి తోడూ అడుగకుండా రాగలరు. అనుభవం కలవారు చెప్పే జాగ్రత్తలు రెండు: చెప్పుల అడుగుభాగం నేలను గట్టిగా పట్టివేసేదిగా ఉండరాదు, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది, మంచినీళ్లు దగ్గర ఉంచుకోవలెను.

పాఠం చెప్పే పద్ధతి ఉపాధ్యాయులు గమనింపదగినది. శిక్షకుడు వేదికమీద విద్యార్థులకు వీపు చూపి నిలుస్తాడు. ఇది అమర్యాద కాదు. ఆయన కుడికాలు వారి కుడికాలివైపే ఉండుటకు చేసిన ఏర్పాటు. ఎదురుగా నిలిచి కుడి అంటే వారికి ఎడమవైపు కనిపిస్తుంది. మొదట సంగీతం ఉండదు. ఎనిమిది లెక్కల ముక్క ఒకటి తీసుకొని నెమ్మదిగా నడిపిస్తాడు. ఉదాహరణకు గ్రేప్‌వైన్, అంటే ద్రాక్షతీగ, అనే అడుగు ఉన్నది. కుడికాలు పక్కకు, ఎడమకాలు దాని వెనుకగా, మళ్లీ కుడికాలు పక్కకు, ఆపైన ఎడమకాలు దాని పక్కన తాకించుట. ఇది నాలుగు లెక్కలు. ఆ ముక్క కాళ్లకు అలవడిన తరువాత రెండవ ముక్క. రెండవది వచ్చిన తరువాత మొదటిదానితో కలిపి రెండూ. మూడవది వచ్చినప్పుడు మొదటినుంచి మూడూ. ఈ విధంగా కొత్త పాఠం వచ్చినప్పుడల్లా పాతపాఠం వల్లెవేయబడుతుంది. క్రమమంతా పట్టుబడిన పిదప పాట పెడతారు. పాట వేగం నడకకన్న హెచ్చు గనుక అప్పటిదాకా వచ్చిందనుకొన్నది చాలామందికి రాకుండా పోతుంది. మళ్లీ పాట ఆపి మొదలు. ఈ తడబాటుకు ఎవరూ నొచ్చుకోరు. దానికోసమే శిబిరం ఏర్పడినది.

అసలైన పరీక్ష మొదటి మలుపులో ఉన్నది. కొత్తవారు సహజంగా చివరి వరుసలో దాగుతారు. ముందున్నవారి కాళ్లు చూస్తూ అడుగులు వేయవచ్చునని వారి ఆశ. మొదటి పావు మలుపు తిరిగేసరికి చివరి వరుస పక్కవరుస అవుతుంది. రెండవ మలుపు తిరిగేసరికి అదే మొదటి వరుస అయి కూర్చుంటుంది. శిక్షకుడు ఇప్పుడు వీపు వెనుక ఎక్కడో ఉన్నాడు. ఎదుట ఖాళీ గోడ తప్ప మరేమీ లేదు. ఎవరి కాళ్లు చూడటానికీ అవకాశం లేదు. పైగా శాలలోని వారందరి చూపూ తమ కాళ్లమీద ఉన్నదేమోనని భయం. అందువల్ల పాతకాపులు కొత్తవారికి చెప్పే సలహా ఒకటే: అంచులు వదలి నడుమ నిలువుమని. నడుమ నిలిచినవారికి ఏ దిక్కుకు తిరిగినా ముందు ఎవరో ఒకరు ఉంటారు. నేర్పరులు తామే కావాలని నాలుగు మూలలకు పోయి నిలుచుట కూడ ఉన్నది. ఏ గోడకు తిరిగినా చూసి నేర్వదగిన మనిషి కంటి ఎదుట ఉండుటకే వారు ఆ పని చేస్తారు. వీరి పేర్లు ఏ ప్రకటనలోనూ అచ్చుపడవు.

ప్రతి నృత్యానికి అడుగుల పత్రమొకటి ఉంటుంది. కూర్చినవారి పేరు, పాట పేరు, ఎన్ని లెక్కలు, ఎన్ని గోడలు, ఏ తరగతివారికి తగినది అన్న వివరాలు దానిమీద ఉంటవి. పాటలోని చరణం నృత్యం లెక్కకు సరిపడనిచోట నాలుగైదు అడుగులు అదనంగా చేర్చుటో, నడిమిలో ఆపి మళ్లీ మొదటినుంచి ఎత్తుకొనుటో ఉంటుంది. అది కూడ పత్రంలో వ్రాసి ఉంచుతారు. ఈ పత్రం మూలంగానే ఒక ఊరిలో నేర్చిన మనిషి మరొక దేశంలో, భాష తెలియని జనం నడుమ, పాట మొదలు కాగానే వరుసలో కలిసిపోగలుగుతున్నది.

అయితే వ్రాత వచ్చినచోట హక్కుల తగాదా కూడ వస్తుంది. ఎలక్ట్రిక్ స్లైడ్ అనే నృత్యాన్ని తాను 1976లో కూర్చినట్లు రిక్ సిల్వర్ అనే నర్తకుడు చెప్పుకొన్నారు. పెండ్లివిందులలో జనం ఆడే 18 అడుగుల రూపం తప్పనీ, తన నృత్యానికి 22 అడుగులనీ ఆయన వాదం. 2007లో యూట్యూబ్‌లోని కొన్ని దృశ్యాలను తొలగించవలసిందిగా ఆయన కోరగా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. అదే సంవత్సరం రాజీ కుదిరింది. లాభాపేక్ష లేకుండా ఆ నృత్యాన్ని ఎవరైనా ఆడవచ్చునని, చూపవచ్చునని ఆయన అంగీకరించారు. కూర్చినవానికి పేరు దక్కవలసిందే. కాని వేలాది పాదాల కిందుగా నలిగివచ్చిన అడుగు నాలుగు లెక్కలు పోగొట్టుకొన్నంత మాత్రాన దానిని తప్పనగలమా? జానపదగేయాల పాఠాంతరాలు ఎరిగినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

వృద్ధులకు నృత్యంవల్ల కలిగే మేలును గురించి ఒక ప్రసిద్ధ పరిశోధన ఉన్నది. న్యూయార్క్ నగరంలో 75 ఏండ్లు దాటిన 469 మందిని సుమారు 5 సంవత్సరాలపాటు పరిశీలించి, దాని ఫలితాలను 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో ప్రకటించారు. పుస్తకపఠనం, బల్లమీద ఆడే ఆటలు, వాద్యవాదనం, నృత్యం—వీటిలో తరచు పాల్గొన్నవారిలో జ్ఞాపకశక్తి క్షీణించే డిమెన్షియా వ్యాధి తక్కువగా కనిపించింది. శరీరశ్రమతో కూడిన పనులలో అలాంటి సంబంధం కనిపించినది నృత్యంలో మాత్రమే. అది ప్రత్యేకించి లైన్ డాన్స్‌ను గురించి జరిగిన పరిశోధన కాదు. నృత్యం చేసినందువల్ల వ్యాధి రాలేదో, వ్యాధి లోలోపల మొదలైనవారే ముందుగా నృత్యం మానివేశారో అన్న సందేహానికి కూడ అందులో చోటున్నది. ఏదేమైనా 32 లెక్కల క్రమాన్ని జ్ఞాపకముంచుకొని, పాట వింటూ, దిక్కు మారుతూ, పక్కవారిని తాకకుండా అడుగు వేయుట కాలితోపాటు బుద్ధికీ పని కల్పిస్తుందనుటలో సందేహం లేదు.

ఆక్షేపణలు లేకపోలేదు. చేయి చేయి తాకని ఈ నృత్యం సైనికుల కవాతువంటిదని కొందరంటారు. జోడు నృత్యంలో ఎదుటివారి కదలికకు అప్పటికప్పుడు బదులు చెప్పవలెను. ఇక్కడ కంఠస్థం చేసింది ఒప్పజెప్పుటే గదా అని వారి వాదం. ఇందులో నిజమున్నది. అంతకన్న బరువైన ఆక్షేపణ లోపలివారినుంచే వినవస్తుంది. ప్రతి శిబిరమూ కొత్త నృత్యాలు నేర్పుతుంది. నిరుడు నేర్చినవి ఈ ఏడు ఎవరూ ఆడరు. కష్టపడి నేర్చుకొన్న మనిషి నాలుగు నెలలు జబ్బుపడి తిరిగి వస్తే, రాత్రి వేడుకలో తనకు తెలిసిన పాట ఒక్కటీ వినిపించదు. జోడు లేనివారిని గోడవారనుంచి లేపిన నృత్యమే, కొత్త పాఠం రానివారిని మళ్లీ ఆ కుర్చీలకే పంపుతున్నది. ఇది గుర్తించిన సంఘాలు రాత్రి కార్యక్రమంలో పాత నృత్యాలకు, తేలిక నృత్యాలకు కొంత సమయం కేటాయిస్తున్నవి. ఆ కొంత సమయంలోనే శాల నిండుగా కనిపిస్తుంది.

ఈ విషయంలో ఆస్ట్రేలియా పాఠశాలల అనుభవం చెప్పుకోదగినది. టీనా టర్నర్ 1973లో పాడిన నట్‌బుష్ సిటీ లిమిట్స్ అనే పాటకు అక్కడ ఒక వరుస నృత్యం ఏర్పడింది. 1970లనుంచి అది పాఠశాలలలో పిల్లలకు అబ్బుతూ వచ్చింది. అడుగులు మారలేదు, కొత్తది నేర్వవలసిన అగత్యం లేదు. అందువల్ల నేడు పెండ్లిలో ఆ పాట మోగితే అమ్మమ్మా, తల్లీ, మనుమరాలూ ఒకే వరుసలో నిలువగలుగుతున్నారు. ఎడారి అంచున ఉన్న బర్డ్స్‌విల్ అనే చిన్న ఊరి సమీపాన జరిగే సంగీతోత్సవంలో వేలమంది కలిసి ఆ నృత్యం ఆడి రికార్డులు నెలకొల్పారు. వీరిలో చాలామంది దానిని నేర్చింది బడిలోనే.

పాఠశాలలో నృత్యమనగానే వార్షికోత్సవానికి ఎన్నిక చేసిన పదిమంది పిల్లలు గుర్తుకు వస్తారు. తక్కినవారు చూసేవారు. లైన్ డాన్స్ ఈ విభజనను ఒప్పుకోదు. దీనికి వేషం అక్కరలేదు, జోడు అక్కరలేదు, వేదిక అక్కరలేదు. ఒక వెడల్పాటి వసారా, అందరికీ తెలిసిన ఒక పాట, 32 లెక్కలు చాలును. ఉపాధ్యాయుడు పిల్లలకు వీపు చూపి నిలిచి నాలుగు ముక్కలుగా నేర్పవచ్చును. మొదటి మలుపులో వెనుక వరుస పిల్లలు తడబడతారు. రెండవ మలుపులో వారే అందరికంటె ముందుంటారు. అప్పుడు వారికి నాలుగు అడుగులైనా తోచవలెనంటే, అంతకుముందు ఎవరో వారిని నడిమి వరుసలో నిలిపి ఉండవలెను. ఆ పని పాట మొదలు కాకముందే చేయవలసిన పని.