విత్తును చేనును

మేలి విత్తనమైనను చేను చక్కనిది గాకున్న మొలక గిడసబారునని పల్నాటి రైతునకు వేఱుగ జెప్పనక్కరలేదు. ఆటగాండ్ర విషయమును అట్టిదే.

గుంటూరు బిడ్డ షేక్ రషీద్ 2022లో పందొమ్మిదేండ్లలోపు వారి ప్రపంచ క్రికెట్ పోటీలకు భారత జట్టు ఉపనాయకుడుగా వెళ్ళెను. నడుమ కోవిడ్ సోకి రెండు పందెములకు దూరమయ్యెను. కోలుకొని వచ్చి, ఆస్ట్రేలియాతో జరిగిన ఉపాంత్య పందెమున, 37 పరుగులకే ఇద్దరు వెనుదిరిగినవేళ నాయకుడు యశ్ ధూల్‌తో నిలిచెను. ఇరువురును 204 పరుగులు జోడించిరి. రషీద్ చేసినవి 94. ఆవలి కొస నొకడు నిలువకున్న ఆ 94 ఎక్కడివి? కడపటి పందెమున ఇంగ్లండుపై 50 చేసెను, కప్పు మనదయ్యెను.

అటుపిమ్మట చెన్నై జట్టువారు 20 లక్షల రూపాయలకు దీసికొనిరి. ధోనీ వంటి పెద్ద చెంత నుండుట చిన్న భాగ్యమా? కాని పండినవారితో నిండిన జట్టున పిల్లవానికి తావేది? 2023, 2024 పోటీలలో నొక్క పందెమైనను ఆడలేదు. పేరుగల జట్టు మేలా, ఆడనిచ్చు జట్టు మేలా యనిన, నేను రెండవదే యందును. ఆ యేండ్లలో చేయి మొద్దుబారనీయక కాచినది ఆంధ్ర రంజీ జట్టు. 2024లో హైదరాబాదుపై 203 పరుగులు చేసెను. 2025 ఏప్రిల్ 14న లక్నోలో చెన్నైవారు తొలిసారి యాడింపగా, 19 బంతులలో 27 పరుగులు కొట్టెను.