నిలిచిపోయిన పికప్ బండిని తిరిగి నడిపించుట

అనంతపురము పీఠభూమిలో ఏటా సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒక్కొక్క యేడు మొగము చాటు చేయును. ఆ యేడు వేరుశనగ పండదు. పంట లేనిచో బాడుగ లేదు. బండి యజమాని బెంగళూరునకు కూలికి వలసపోవును. పికప్ బండి కళ్లము ప్రక్కన వేపచెట్టు క్రింద మూడేండ్లో నాలుగేండ్లో నిలిచిపోవును. పిదప ఒక మంచి యేడు వచ్చును. టమాటాలు కక్కలపల్లి మండీకి చేర్చవలెను, కాయలు మార్కెట్టు యార్డునకు తోలవలెను. అప్పుడు యజమాని చేయు మొదటి పని, పొరుగువాని ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించి తాళము త్రిప్పుట. కానిచో మోకు కట్టి లాగించుట. బాగుపడదగిన ఇంజను చెడిపోవునది ఆ ఒక్క నిమిషములోనే.

ఇందుకు కారణము కలదు. నిలిచిన ఇంజనులో ఏదో ఒక సిలిండరు వాల్వు తెరచుకొనియే యుండును. ఆ దారిని చెమ్మ లోనికి చేరి సిలిండరు గోడలకు, పిస్టను రింగులకు తుప్పు పట్టించును. నూనె యంతయు అడుగునకు జారిపోయియుండును. తడి లేని ఇనుము ఇనుముతో ఒరసికొనినచో రింగులు విరుగును, గోడలు గీరుకొనిపోవును.

మన పొడిగాలి ఇనుమునకు కొంత మేలే చేయును. సముద్రతీరమున పట్టినంత వేగముగ ఇచట తుప్పు పట్టదు. కాని మన ఎండ రబ్బరును విడిచిపెట్టదు. గొట్టములు, బెల్టులు, టైర్లు చూపునకు బాగుగనే యుండి, వంచి చూచినచో పగుళ్లు బయటపడును. మరియొక మాట. వేరుశనగ కట్టె వామి దగ్గర నిలిపిన బండిలో ఎలుకలు కాపురము పెట్టును. ఎలుకలున్నచోటికి పాము రాక మానదు. బానెట్టు క్రింద ఒక్కసారిగా చేయి పెట్టక, మొదట కఱ్ఱతో తట్టి చూడుడు. ఎలుకలు కొరికిన తీగెలను, గాలి ఫిల్టరులోని గూటిని అప్పుడే గమనింపవలెను.

తొలుత చక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, గేరు న్యూట్రలులో నుంచి, పాత ఇంజను నూనె దింపి చూడవలెను. అది పాలవలె తెల్లబడినచో నీరు కలసినదన్నమాట. క్రొత్త నూనె పోసిన పిమ్మట, హీటరు ప్లగ్గులున్నచో వానిని, లేనిచో నాజిళ్లను మెకానిక్కుచే విప్పించి, సిలిండరు ఒక్కింటికి రెండు చెంచాల ఇంజను నూనె పోసి ఒక రాత్రి యుంచవలెను. మరునాడు ముందరి పుల్లీ బోల్టుకు స్పానరు తగిలించి చేతితోనే మెల్లగా త్రిప్పవలెను. రెండు చుట్లు తిరిగినచో ప్రతి సిలిండరు తన పని యొకసారి పూర్తి చేసినట్లే. తిరగనిచో బలము చూపరాదు. మరల నూనె పోసి ఓపిక పట్టుడు. తిరిగిన తరువాత, రంధ్రములు మూయక ముందే, డీసెలు ఆపియుంచి స్టార్టరుతో కొంచెము త్రిప్పి మిగిలిన నూనెను వెడలగొట్టవలెను. ఆ వేళ మొగము దూరముగ నుంచవలెను.

ట్యాంకు అడుగున నీరు, జిగట మడ్డి చేరియుండును. పాత డీసెలు పూర్తిగా దింపి, ఫిల్టర్లు మార్చి, చేతి పంపుతో గాలి బుడగలు పోవువరకు కొట్టవలెను. టాటా 207 వంటి పాత బండ్లకు ఇది చాలును. కామన్ రెయిలు ఇంజనులందు డీసెలు ఒత్తిడి 1,000 బార్లు దాటును. వాని గొట్టములను తెలియనివారు విప్పరాదు.

రేడియేటరులో బోరు నీరు పోయుట మనవారికి అలవాటు. మన బోరు నీటిలోని లవణములు గొట్టములలో గారవలె పేరుకొని ఇంజనును కాల్చును. కూలెంటు, డిస్టిల్డు వాటరు కలిపి పోయుడు. బ్యాటరీ సంవత్సరముల తరబడి చార్జి లేక పడియున్నచో దాని పలకలు గడ్డకట్టియుండును. క్రొత్తది కొనుటయే పొదుపు.

ఇప్పుడు తాళము త్రిప్పవచ్చును. ఇంజను అందుకొనిన కొన్ని సెకండ్లలో నూనె దీపము ఆరవలెను. ఆరనిచో వెంటనే ఆపుడు.

ఇంజను మ్రోగినంతనే సంతోషముతో రోడ్డెక్కువారు పెక్కుమంది. కాని బండి కదలుట కంటె ఆగుట కష్టము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. బరువుతో దిగుడున పోవునపుడు వేడికి ఆ నీరు మరిగి ఆవిరి యగును. పెడలు నేలకంటుకొనును, బండి ఆగదు. కావున డ్రమ్ములన్నియు విప్పించి, వీలు సిలిండర్ల రబ్బరు కప్పులు, గొట్టములు మార్పించి, క్రొత్త నూనె పోయింపవలెను. ఈ ఖర్చులో మాత్రము బేరమాడరాదు. టైరు ప్రక్కన తయారైన వారము, సంవత్సరము నాలుగంకెలలో నుండును. దానిని చూడుడు, అరుగుదలను మాత్రమే చూచి మోసపోకుడు. సరకు బండిలో కూలీలను ఎక్కించుట ఎప్పుడును తగదు.

ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేటా యోగ్యతా పత్రము తీసికొనవలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము భీమా తప్పనిసరి. పన్ను బకాయిని రవాణా కార్యాలయములో విచారింపుడు. ఛాసిస్‌కు తుప్పు చిల్లులు పడియున్నచో ఇంత శ్రమ వృథా. 2021 నిబంధనల క్రింద నమోదైన తుక్కు కేంద్రమునకు అప్పగించి ధ్రువపత్రము పొందవచ్చును.

మొదటి వారము బండిని ఖాళీగనే ఊరి చుట్టుప్రక్కల త్రిప్పి, చక్రపు నట్లు మరల బిగించి, బ్రేకు నూనె మట్టము చూచి, ఆ పిదపనే కాయల మూటలు ఎత్తుడు.